వెలుగుల పెట్టెకు వెయ్యి దండాలు

గేమింగ్ కంప్యూటర్ కొనడానికి మన ఊళ్లలో రెండు మాటలు వస్తే చాలు. ఒకటి "ఐ7", రెండోది "గ్రాఫిక్ కార్డు". ఈ రెండూ చెవిన పడ్డాక మూడో ప్రశ్న వేయడం మర్యాద కాదు. వేస్తే అమ్మేవాడి మొహం మాడుతుంది, పక్కన నిలబడ్డ మన పిల్లాడి పరువు పోతుంది. పెట్టెలో ఏమేం ఉన్నాయో చెప్పకపోవడం వ్యాపార రహస్యం. పెట్టె చుట్టూ ఎన్ని రంగుల దీపాలు తిరుగుతాయో చూపించడం వ్యాపార ధర్మం. రహస్యాన్నీ ధర్మాన్నీ ఇంత నిష్ఠగా పాటిస్తున్నందుకు ఆ వెలుగుల పెట్టెకు ముందుగా వెయ్యి దండాలు.

అందులో అయిదొందలు రెండో పక్షానికి పంచాలి. వీళ్లు పెట్టె కొనరు, పేర్చుకుంటారు. "ప్రీబిల్ట్ కొన్నావా? అయ్యో, మునిగిపోయావు కదా బ్రో!" అని పరామర్శకు వస్తారు. వీళ్ల లెక్కలో కొన్నవాడు అమాయకుడు, పేర్చినవాడు ఇంజనీరు. మొదటి పక్షం అడగకుండా కొంటుంది, రెండో పక్షం అడగకుండా చెబుతుంది. ఇద్దరూ తిట్టుకుంటూ ఉంటే కౌంటరు వెనక మనిషి ఇద్దరికీ బిల్లు కొడతాడు. బిల్లు అన్నాను గానీ, అదీ అన్నిసార్లూ కొట్టడు. ఆ సంగతి తర్వాత.

ముందు కొనేవాళ్ల దగ్గరికి వద్దాం. పిల్లాడు ఇంటర్ పాసయ్యాడు, ఇంజనీరింగ్‌లో సీటొచ్చింది. "కోడింగ్‌కి మంచి సిస్టం కావాలి నాన్నా" అన్నాడు. కోడింగ్‌కు గాజు తలుపూ, ఆరు రంగుల ఫ్యాన్లూ ఎందుకని నాన్న అడగలేదు. ఇద్దరూ దుకాణానికి వెళ్లారు. ఊరి పేరూ దుకాణం పేరూ మనకక్కర్లేదు. ఎక్కడైనా సంభాషణ ఇలాగే నడుస్తుంది.

"అంకుల్, బాబు చదువుకు కూడా ఇదే బెస్టు. ఐ7, పదహారు జీబీ ర్యామ్, నాలుగు జీబీ గ్రాఫిక్ కార్డు. అన్ని గేములూ... అంటే అన్ని సాఫ్ట్‌వేర్లూ ఫుల్ స్మూత్ నడుస్తయ్."

"ఏ జనరేషన్ ఐ7 బాబూ?"

"గేమింగ్ జనరేషన్ అంకుల్."

"గ్రాఫిక్ కార్డు ఏది?"

"ఎన్విడియా."

"ఎన్విడియాలో ఏది?"

"ఫోర్ జీబీ."

"మరి ఎస్‌ఎంపీఎస్ ఏ కంపెనీ?"

"అది ఫ్రీ అంకుల్! క్యాబినెట్‌తోనే వస్తది."

ఫ్రీ అన్న మాటతో నాన్న శాంతించాడు. కొడుకు అప్పటికే దీపాల రంగు మార్చే రిమోటు చేతిలోకి తీసుకున్నాడు. బేరం ముగిసింది.

ఇప్పుడు ఆ జవాబులను ఒక్కొక్కటే విప్పి చూద్దాం. ఇంటెల్ మొదటి ఐ7 ప్రాసెసర్లు 2008 నవంబరులో వచ్చాయి. వాటికి నాలుగు కోర్లు. 2023లో వచ్చిన ఐ7-14700కేకు ఇరవై. ఐ7 అన్నది ఇంటిపేరు లాంటిది, తాతకూ అదే, మనవడికీ అదే. పరుగు పందేనికి ఇంటిపేరు చెప్పి మనిషిని పంపమంటే, మన బజారు తరచూ పంపేది తాతనే.

ఆ తాతగారి జాతకం చూడండి. 2012లో ఐ7-3770గా పుట్టాడు. ఏదో ఆఫీసులో రేకు డబ్బాలో కూర్చుని ఏళ్ల తరబడి ఎక్సెల్ షీట్లు నింపాడు. ఆఫీసు వాళ్లు టోకున వదిలించుకున్నారు. బజారు ఆయన్ను ఆదరించి, హెచ్61 మదర్‌బోర్డు మీద కూర్చోబెట్టింది. హెచ్61 అనేది 2011 నాటి చిప్‌సెట్టు. దాన్ని కనిపెట్టిన ఇంటెలే ఎప్పుడో మరిచిపోయినా, ఆ పేరుతో కొత్త బోర్డులు మన దగ్గర ఇంకా అమ్ముతూనే ఉన్నారు. చుట్టూ గాజు పలకలు, నాలుగు రంగుల ఫ్యాన్లు తగిలించగానే తాతగారు పెళ్లికొడుకయ్యాడు. "పాతది, ఉత్తరాలు టైపు చేసుకోవడానికి బాగుంటుంది" అని చెప్పి అమ్మితే ఎవరికీ అభ్యంతరం ఉండదు. "గేమింగ్ పీసీ, కొత్తది" అని అమ్మడం దగ్గరే పేచీ. విండోస్ 11కు అర్హులని మైక్రోసాఫ్ట్ ప్రకటించిన ఇంటెల్ ప్రాసెసర్ల జాబితా దాదాపుగా ఎనిమిదో తరంతో మొదలవుతుంది, తాతగారిది మూడో తరం. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అంటే ఆ పెట్టె ఇంటికి రాకముందే పింఛనుకు దరఖాస్తు పెట్టుకుంది.

ఇక గ్రాఫిక్ కార్డు. దాని బలాన్ని జీబీల్లో కొలవడం మన బజారు కనిపెట్టిన కొత్త శాస్త్రం. జీటీ 730 అనే కార్డు 2014లో వచ్చింది, అప్పుడే అది చిన్న కార్డు. దానికి కొందరు నాలుగు జీబీ డీడీఆర్3 మెమరీ తగిలించారు. మెమరీ పెరిగింది గానీ చిప్పు బలం అణువంత పెరగలేదు. అయినా "నాలుగు జీబీ" అన్న రెండు మాటలు దాన్ని ఇన్నేళ్లుగా బతికించాయి. కార్డు పేరు అడిగితే "ఫోర్ జీబీ" అనే జవాబెందుకొచ్చిందో ఇప్పుడు అర్థమైంది కదా. అసలు పేరు చెబితే పెట్టె అమ్ముడుపోదు.

ఈ విద్య చిన్న దుకాణాలకే అబ్బిందనుకుంటే ఎన్విడియాకు అన్యాయం చేసినవాళ్లమవుతాం. ఆర్‌టీఎక్స్ 3060 పేరుతో 2021లో 12 జీబీ కార్డు వచ్చింది. 2022లో అదే పేరుతో 8 జీబీ కార్డు వచ్చింది. తగ్గింది మెమరీ ఒక్కటే కాదు, చిప్పుకూ మెమరీకీ మధ్య దారి 192 బిట్ల నుంచి 128కి కుంచించుకుపోయింది. ఆర్‌టీఎక్స్ 3050ది కూడా ఇదే కథ. 2024లో 6 జీబీ రూపంలో మళ్లీ వచ్చినప్పుడు కోర్లు 2560 నుంచి 2304కి దిగాయి, పేరు మాత్రం చెక్కుచెదరలేదు. 2022 సెప్టెంబరులో ఆ కంపెనీ ఆర్‌టీఎక్స్ 4080 పేరుతో ఒకేసారి రెండు కార్డులు ప్రకటించింది. 12 జీబీది, 16 జీబీది. లోపలి చిప్పులే వేరు. జనం గోల పెట్టడంతో, నెల తిరిగేలోపే 12 జీబీ కార్డును వెనక్కి తీసుకుని, 2023 జనవరిలో 4070 టీఐ అని నామకరణం చేసి మళ్లీ తెచ్చింది. పేరు మార్చుకున్న కార్డులూ, పేరు దాచుకున్న కార్డులూ పోగా, పూర్తిగా దొంగ పేరుతో తిరిగేవీ ఉన్నాయి. పాత చిప్పులోకి కొత్త కార్డు పేరు ఎక్కించి అమ్మడం ఎంత పెరిగిందంటే, జీపీయూ-జడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ 2018 నుంచి అలాంటివాటి పేరు ముందు "ఫేక్" అని ముద్ర వేసి చూపిస్తోంది. ఆ సాఫ్ట్‌వేర్ వేసుకుని చూడటానికి రెండు నిమిషాలు. చూసేవాళ్లే లేరు.

"ఫ్రీ అంకుల్" దగ్గరికి వద్దాం. ఎస్‌ఎంపీఎస్ అంటే గోడలోంచి వచ్చే 230 వోల్టుల కరెంటును లోపలి సామాన్లు తట్టుకునే 12, 5, 3.3 వోల్టులకు మార్చి పంచే డబ్బా. లక్ష రూపాయల సామాను ప్రాణం దాని చేతిలో ఉంటుంది. అదే ఫ్రీ! పైన "600 వాట్స్" అని అచ్చేసి ఉంటుంది. అచ్చుకు ఏముంది, 6000 అని కూడా వేయొచ్చు. నాసిరకం డబ్బా ఆట మధ్యలో, కార్డు ఒక్కసారిగా కరెంటు లాగినప్పుడు చేతులెత్తేస్తుంది. పోతే పోయింది, ఒంటరిగా పోతుందా అంటే ఆ నమ్మకమూ లేదు. మదర్‌బోర్డునో, గ్రాఫిక్ కార్డునో తోడు తీసుకెళ్లగలదు.

కాస్త తెలివైన కొనుగోలుదారు "80 ప్లస్ ముద్ర ఉంది కదా" అంటాడు. ఆ ముద్ర 2004 నుంచి ఉంది. గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత శాతం వృథా కాకుండా సామాన్లకు చేరుతుందో అది చెబుతుంది. ప్రమాదం వేళ డబ్బా తనంతట తాను ఆగిపోతుందా లేదా అన్నది దాని పరిధిలో లేదు. 2021లో గిగాబైట్ జీపీ-పీ750జీఎం అనే మోడల్ సంగతి చూడండి, దానికి గోల్డ్ ముద్రే ఉంది. కార్డుల కరువు రోజుల్లో అమెరికాలో న్యూఎగ్ అనే ఆన్‌లైన్ దుకాణం దాన్ని గ్రాఫిక్ కార్డులకు జోడించి అంటగట్టింది. కంప్యూటర్ సామాన్లను పరీక్షించే గేమర్స్ నెక్సస్ అనే యూట్యూబు బృందం పరీక్షకు పెడితే కొన్ని డబ్బాలు టపాకాయల్లే పేలాయి. ఆ ఆగస్టులో కంపెనీ మార్పిడి ప్రకటించింది. అంత పేరున్న కంపెనీ, అంత బంగారు ముద్ర ఉన్నదానికే ఈ గతి పడితే, పేరూ ఊరూ లేని ఫ్రీ డబ్బా మీద మనకున్న భక్తికి నిజంగా జోహార్లు.

ర్యామ్ పదహారు జీబీయే, అబద్ధం లేదు. కాకపోతే ఒక్కటే కర్ర. రెండు ఎనిమిదులు వేస్తే ప్రాసెసర్‌కు రెండు దారులు తెరుచుకుంటాయి. ఒక్కటే వేస్తే ఒక దారి మూసినట్టే, ఆటల్లో తేడా కంటికి తెలుస్తుంది. "మరి రెండో స్లాటు ఖాళీగా ఉందేం?" అంటే "ఫ్యూచర్‌లో పెంచుకోవడానికి అంకుల్" అని వస్తుంది జవాబు. మన భవిష్యత్తు గురించి ఇంత ఆలోచించే దుకాణాలు ఉండబట్టే పిల్లలు నిశ్చింతగా ఆడుకుంటున్నారు.

గాజు సంగతి కూడా చెప్పుకోవాలి. ముందుభాగం మొత్తం గాజు పలకతో మూసేసి, దాని వెనక మూడు ఫ్యాన్లు బిగిస్తారు. అవి బయటి గాలిని ఎక్కడి నుంచి లాగాలో చెప్పరు. మే నెలలో విజయవాడలో గది 40 డిగ్రీలుంటే, ఫ్యాన్ కూలరైనా నీళ్లు తిరిగే కూలరైనా లోపలి సామాన్ని 40 కంటే చల్లబరచలేదు. గాలి ఆడని పెట్టెలో వేడి ఇంకా పైకెక్కుతుంది. 95, 100 డిగ్రీల దగ్గర ప్రాసెసర్ ప్రాణభయంతో వేగం తగ్గించుకుంటుంది. దీపాలు మాత్రం తగ్గవు. అవి అదే ఉత్సాహంతో నీలం నుంచి గులాబీకి, గులాబీ నుంచి ఆకుపచ్చకు తిరుగుతూనే ఉంటాయి.

"అందుకే మేం పెద్ద బ్రాండే కొంటాం" అనేవాళ్లున్నారు. కొనండి, తప్పులేదు. అక్కడ ఫ్రీ డబ్బా ఉండదు, ఒకే చోట వారంటీ ఉంటుంది, ఇంటికి మనిషి వచ్చే ఏర్పాటు కూడా దొరుకుతుంది. అయితే ఇంకో తమాషా ఉంది. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ అనే కొలత తెచ్చిన దగ్గర్నుంచి ఏ కంపెనీ బోర్డు అయినా ఏ కంపెనీ క్యాబినెట్‌లో అయినా కూర్చుంటోంది. డెల్ వారి ఏలియన్‌వేర్ అరోరాలో కొన్ని మోడళ్లు మాత్రం ఈ ఊరి కట్టుబాటుకు లొంగలేదు. వాటి మదర్‌బోర్డు ఆకారం వేరు, కరెంటు కనెక్టర్లు వేరు. నాలుగేళ్ల తర్వాత బోర్డు పోతే బజారులో దొరికే బోర్డు అందులో పట్టదు. పెట్టె మనదే, తాళంచెవి వాళ్లది. 2021లో గేమర్స్ నెక్సస్ వాళ్లు ఆర్10 మోడల్‌ను విప్పి ఏకిపారేసింది ఇలాంటి గుణాలకే.

ఇదంతా విని రెండో పక్షం లోలోపల మురిసిపోతూ ఉంటుంది. తమ్ముళ్లూ, ఇప్పుడు మీ వంతు.

"పీసీ బిల్డ్ చేయడం పిల్లల ఆట" అన్నది మీ మూలమంత్రం. 2018 సెప్టెంబరులో అమెరికా టెక్నాలజీ పత్రిక ది వెర్జ్ ఆ ఆట ఎలా ఆడాలో నేర్పిస్తూ ఒక వీడియో పెట్టింది. అందులో థర్మల్ పేస్టు పూసిన తీరు దగ్గర్నుంచి తప్పుల మీద తప్పులు దొర్లాయి. లోకమంతా పగలబడి నవ్వితే వీడియో తీసేసుకుంది. టెక్నాలజీ రాసుకుని బతికే పత్రికకే అంత కష్టమైన పని, మన పక్కింటి కుర్రాడికి మంచినీళ్ల ప్రాయమని నమ్మించడంలో మీ గొప్పతనం ఉంది.

అసలు మన దగ్గర "నేనే బిల్డ్ చేశా" అనేవాళ్లలో స్క్రూడ్రైవరు పట్టినవాళ్లెందరు? సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ కావచ్చు, చెన్నై రిచీ స్ట్రీట్ కావచ్చు, బెంగళూరు ఎస్పీ రోడ్డు కావచ్చు, ఢిల్లీ నెహ్రూ ప్లేస్ కావచ్చు. సామాన్లు ఎంచింది యూట్యూబు, బేరమాడింది బావమరిది, బిగించింది దుకాణంలో పనిచేసే కుర్రాడు. మనవాడు పక్కన స్టూలు మీద కూర్చుని ఫోటోలు తీశాడు. సాయంత్రానికి "మై ఫస్ట్ బిల్డ్" అని స్టేటస్ పెట్టాడు. బిగించిన కుర్రాడి పేరు అందులో లేదు.

నిజంగా ఇంట్లో తానే బిగించుకున్నవాడి భాగవతం ఇంకోటి. మధ్యాహ్నం భోజనం కాగానే మొదలుపెడతాడు. రాత్రికి అన్నీ బిగించి, కేబుళ్లు సర్ది, బటన్ నొక్కుతాడు. ఫ్యాన్లు తిరుగుతాయి, దీపాలు వెలుగుతాయి, మానిటర్ మీద మాత్రం నల్లటి చీకటి. హెచ్‌డీఎంఐ వైరు గ్రాఫిక్ కార్డుకు కాకుండా మదర్‌బోర్డుకు గుచ్చి ఉంటుంది. ప్రాసెసర్ పేరు చివర ఇంగ్లీషు ఎఫ్ అక్షరం ఉంది, అంటే అందులో సొంత గ్రాఫిక్స్ లేవు, ఆ రంధ్రంలోంచి బొమ్మ పుట్టేది లేదు. అది సరిచేస్తే బొమ్మ వస్తుంది, ప్రాసెసర్ వేడి 90 దాటుతుంది. విప్పి చూస్తే కూలర్ అడుగున "వాడే ముందు తీసివేయండి" అని రాసిన ప్లాస్టిక్ పొర అలాగే ఉంటుంది. దాన్నీ తీశాడు. ఆ తర్వాత ఏళ్ల తరబడి సుఖంగా ఆడుకుంటాడు. 6000 వేగపు ర్యామ్ కొని, బయోస్‌లో దాన్ని పూర్తి వేగానికి తెచ్చే ఎక్స్‌పో సెట్టింగు ఆన్ చేయక 4800 దగ్గరే నడిపిస్తూ, 144 హెర్ట్జ్ మానిటర్ కొని విండోస్ సెట్టింగులో 60 దగ్గరే వదిలేసి, "ప్రీబిల్ట్ వాళ్లకు పర్ఫార్మెన్స్ రాదు బ్రో" అని అందరికీ చెబుతూ.

"ఫ్యూచర్‌ప్రూఫ్" అన్నది వీళ్ల రెండో మంత్రం. రేపు ప్రాసెసర్ ఒక్కటీ మార్చుకుంటే సరిపోతుందట. ఏఎండీ ఏఎం4 సాకెట్ విషయంలో అది నిజమే. 2017లో మొదటి రైజెన్‌తో బజారుకొచ్చిన ఆ సాకెట్‌కు 2024లో కూడా కొత్త ప్రాసెసర్లు వచ్చాయి. ఇంటెల్ వైపు చూడండి. 2020లో ఎల్‌జీఏ 1200 సాకెట్ వచ్చింది, 2021లోనే ఎల్‌జీఏ 1700 వచ్చి దాన్ని పక్కకు నెట్టింది, 2024లో ఎల్‌జీఏ 1851 వచ్చింది. 2020లో "ఫ్యూచర్" కొనుక్కున్నవాడికి ఆ ఫ్యూచర్ ఏడాదిలో తీరిపోయింది. ఏ సాకెట్ ఎన్నాళ్లుంటుందో చూసుకున్నవాడికే ఈ మంత్రం పనిచేస్తుంది. ఊరికే జపించినవాడికి పుణ్యం కూడా రాదు.

ఇక వారంటీ. ఎనిమిది సామాన్లకు ఎనిమిది వారంటీలు, "ఒక్కోటీ మూడేళ్లు, అయిదేళ్లు, పదేళ్లు" అని లెక్క చెబుతారు. నిజమే. కంప్యూటర్ ఆన్ కాని రోజు వస్తుంది చూడండి, అప్పుడు మొదలవుతుంది తీర్థయాత్ర. బోర్డు వాళ్లు "ప్రాసెసర్ చూపించుకోండి" అంటారు. ప్రాసెసర్ వాళ్లు "బోర్డు బయోస్ అప్‌డేట్ చేశారా?" అంటారు. 2024లో ఇంటెల్ 13, 14 తరాల ప్రాసెసర్లు కొన్ని ఆటల మధ్యలో కూలబడినప్పుడు ఇదే జరిగింది. మొదట్లో కార్డు మీద, ఆట మీద, బోర్డు మీద అనుమానాలు తిరిగి తిరిగి చివరికి ప్రాసెసర్ దగ్గర ఆగాయి. ఇంటెల్ వారంటీని మరో రెండేళ్లు పొడిగించింది. అయితే ఆ పొడిగింపు నేరుగా ఇంటెల్ దగ్గర అందింది డబ్బాతో కొన్నవాళ్లకు. డబ్బా లేకుండా చవగ్గా "ట్రే" ప్రాసెసర్ కొన్నవాళ్లు అమ్మినవాణ్ని వెతుక్కోవాల్సి వచ్చింది. డాలస్ నుంచి వచ్చే బావ సూట్‌కేసులో కార్డు తెప్పించుకున్నవాళ్లదీ అలాంటి సంకటమే. చాలా కార్డుల వారంటీ కొన్న దేశం దాటి రాదు. బావ వచ్చాడు, కార్డు వచ్చింది, వారంటీ మాత్రం వీసా దొరక్క అక్కడే ఉండిపోయింది.

"ఏదేమైనా పేర్చుకుంటే చవక" అన్నది మూడో మంత్రం, దీన్ని కాలం అప్పుడప్పుడూ వెక్కిరిస్తూనే ఉంది. 2020లో ఆర్‌టీఎక్స్ 3080 ధర 699 డాలర్లని ప్రకటించారు. ఆ ధరకు కళ్లారా చూసినవాళ్లు అరుదు. క్రిప్టో గనులు తవ్వేవాళ్లు కార్డులన్నీ ఊడ్చుకుపోయారు, "మొత్తం పీసీ తీసుకుంటేనే కార్డు" అని దుకాణాలు షరతు పెట్టాయి. అప్పుడు పేర్చుకునే పక్షమంతా నోరు మూసుకుని పెట్టెలు కొన్నది. 2022 సెప్టెంబరు 15న ఇథీరియం అనే క్రిప్టో కరెన్సీ పద్ధతి మారి ఆ తవ్వకం ఆగింది, రాత్రింబవళ్లు మరిగిన కార్డులు "లైట్‌గా వాడింది, సింగిల్ ఓనర్" అనే బోర్డు కట్టుకుని సెకండ్‌హ్యాండ్ బజారులో దిగాయి. 2025 చివర్లో కృత్రిమ మేధ డేటా సెంటర్లు మెమరీ మీద పడ్డాయి, ర్యామ్ ధరలు నిచ్చెన ఎక్కాయి. క్రూషియల్ పేరుతో మామూలు జనానికి ర్యామ్ అమ్మే మైక్రాన్ సంస్థ, ఇక ఆ వ్యాపారమే మానేస్తున్నానని డిసెంబరులో చెప్పేసింది. అలాంటి రోజుల్లో పాత ధరకు కట్టిపెట్టిన పెట్టె దొరికితే అదే చవక. చవకేదో కొనే వారం చెప్పాలి, మతం చెప్పదు.

ఇంత పోరాటం దేనికోసం? మన పిల్లలు ఎక్కువగా ఆడే ఆటల్లో వాలరెంట్ ఒకటి. మామూలు కంప్యూటర్లలో కూడా నడవాలనే ఉద్దేశంతో తయారైంది. సెకనుకు 144 ఫ్రేములు రావడానికి దాని కంపెనీ సూచించిన కార్డు జీటీఎక్స్ 1050 టీఐ, అంటే 2016 నాటి చిన్న కార్డు. దానికోసం రెండు లక్షల పెట్టె ఈఎంఐ మీద తెచ్చి, ఓడిపోయినప్పుడు "పింగ్ ఎక్కువుంది" అంటారు. పింగ్ అంటే ఇంటర్నెట్ జాప్యమని, దానికి మందు గ్రాఫిక్ కార్డు దగ్గర దొరకదని ఎవరూ చెప్పరు.

రెండు పక్షాలూ కలిసికట్టుగా పాటించే నియమం ఒక్కటుంది. రెండు లక్షల బడ్జెట్‌లో విండోస్ లైసెన్సుకు మాత్రం గది కేటాయించరు. దీపాలు తిరిగే ఫ్యాన్లకు పదివేలు ఉంటాయి, చిన్న తెర అతికించిన కూలర్‌కు పదిహేను వేలు ఉంటాయి. విండోస్ దగ్గరికి వచ్చేసరికి "అన్న పెన్‌డ్రైవ్‌లో ఉంది, వేసిస్తాడు". ఆ పెన్‌డ్రైవ్‌లోంచి విండోస్‌తో పాటు ఇంకేం దిగాయో తెలిసేది ఆ పీసీలో బ్యాంకు పాస్‌వర్డు కొట్టాకే.

చివరికి కౌంటరు దగ్గర ఆ అమృతవాక్యం వినిపిస్తుంది: "సార్, బిల్లుతోనా, బిల్లు లేకుండానా?" కంప్యూటర్ల మీద జీఎస్టీ 18 శాతం. లక్ష సామానుకు పద్దెనిమిది వేలు. ఆ పద్దెనిమిది వేలు మిగిలాయన్న ఆనందంలో ప్రీబిల్ట్ పక్షం, బిల్డ్ పక్షం తొలిసారి చేతులు కలుపుతాయి. ఇద్దరికీ దుకాణం పేరు లేని తెల్లకాగితం మీద ఒక అంకె, కింద ఒక సంతకం దక్కుతాయి. ఏడాది తిరక్కుండా కార్డు పోతే ఆ తెల్లకాగితం తీసుకుని సర్వీసు సెంటరుకు వెళతారు. అక్కడ టోకెన్ నంబరు దొరుకుతుంది, బిల్లు ఏదనే ప్రశ్న దొరుకుతుంది, ఇంకేమీ దొరకదు.

కాబట్టి తీర్పు. కొనాలా, పేర్చుకోవాలా అన్న గొడవకు నా దృష్టిలో పెద్ద విలువ లేదు. తీరికా ఓపికా ఉండి, పాడైతే తానే వెతికి పట్టుకోగలిగినవాడు పేర్చుకుంటే మంచిది, నాలుగు సంగతులు నేర్చుకుంటాడు. పొద్దున్నే ఉద్యోగానికి పోయి రాత్రి ఓ గంట ఆడుకుందామనుకునేవాడు కట్టిన పెట్టె కొనుక్కుంటే తప్పులేదు, అతడి సమయానికీ ధర ఉంది. ఇద్దరినీ ముంచేది ఒకటే, పెట్టెలో ఏముందో అడగకపోవడం.

అడగాల్సింది ఎనిమిది వరుసల కాగితం. ప్రాసెసర్ పూర్తి మోడల్ నంబరు. మదర్‌బోర్డు కంపెనీ, మోడల్. ర్యామ్ ఎన్ని కర్రలు, ఏ వేగం. గ్రాఫిక్ కార్డు కంపెనీ, మోడల్, మెమరీ. ఎస్‌ఎస్‌డీ కంపెనీ, మోడల్. ఎస్‌ఎంపీఎస్ కంపెనీ, మోడల్. కూలర్. క్యాబినెట్. ఈ ఎనిమిదీ సీరియల్ నంబర్లతో జీఎస్టీ బిల్లు మీద ఉండాలి. ఇంటికి రాగానే జీపీయూ-జడ్, సీపీయూ-జడ్, క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వేసి బిల్లుతో సరిచూసుకోండి. మూడూ ఉచితమే. "కొత్త" హార్డ్‌డిస్కు ఇప్పటికే ఎన్ని వేల గంటలు తిరిగిందో మూడోది దాపరికం లేకుండా చెప్పేస్తుంది.

ఒక సంగతి గుర్తుంచుకోండి. అమ్మిన సరుకుకు బిల్లు ఇవ్వకపోవడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార విధానాల్లో చేర్చింది. ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. ఎనిమిది వరుసలూ రాసిచ్చి, దాని కింద ముద్ర వేసేవాడి దగ్గర కట్టిన పెట్టె కొన్నా, విడి సామాను కొన్నా ఒకటే. రాసివ్వనివాడి దగ్గర ఒక్క స్క్రూ కూడా కొనకండి.